ఉన్నది ఒక్క మొవ్వే

హైదరాబాదులో మా కాలనీ నాలుగో వీధి మలుపులో ఒక కొబ్బరి చెట్టు ఉండేది. గృహప్రవేశం నాడు నాటిన మొక్కట. ముప్ఫయ్యేళ్లలో రెండంతస్తుల మేడను దాటిపోయింది. మట్టలు కరెంటు తీగలకు తగులుతున్నాయని ఓ వేసవి పొద్దున ఇద్దరు మనుషులొచ్చి నిచ్చెన వేశారు. కింది మట్టలతో మొదలుపెట్టి పైకి కొట్టుకుంటూ పోయారు. చివరికి, మళ్లీ మళ్లీ రావాల్సిన పని లేకుండా ఉంటుందని తల కూడా నరికేశారు. ఇంటావిడ లబోదిబోమంటే, “ఏం కాదమ్మా, నెల తిరిగేసరికి పక్కల నుంచి చిగుళ్లొస్తాయి” అని చెప్పి వెళ్లారు.

ఆవిడ నమ్మింది. నమ్మడంలో తప్పేముంది? వేపకు అలాగే వస్తాయి. కానుగకైతే నరికిన కొద్దీ గుబురుగా వస్తాయి. ఆ వేసవంతా ఆ మోడు మొదట్లో రోజూ రెండు బిందెల నీళ్లు పోసింది. వానలొచ్చాయి, వెళ్లాయి. దసరా నాటికి మాను నల్లబడింది. సంక్రాంతికి పైన తొర్ర పడింది.

నేను పుట్టి పెరిగింది కోనసీమలో. మా పెరట్లో కొబ్బరికాయల దింపు తీయడానికి ఒక బాబాయి వచ్చేవాడు. పొగరు మీదున్న గేదెనైనా అదలించేవాడు గానీ, చెట్టెక్కాక మాత్రం పసిపిల్ల తల దువ్వుతున్నంత నెమ్మదిగా పని చేసేవాడు. నేను కింద నిలబడి ఏదో అడిగితే పైనుంచే చెప్పేవాడు: “మొవ్వు బతికుంటే చెట్టు బతికున్నట్టేనండి. అది పోతే మిగిలేది దూలమేనండి.” తల పోయినా చెట్టు చిగురిస్తుందని హైదరాబాదులో ఒక మనిషి నిబ్బరంగా చెప్పడం, ఇంకో మనిషి నమ్మి నీళ్లు పోయడం చూశాక, ఆ బాబాయి మాట అందరికీ తెలిసిన మాట కాదని అర్థమైంది. ఈ కథనం అందుకోసమే.

కొబ్బరి, తాటి, ఈత, వక్క, జీలుగు, ఖర్జూరం, ఆయిల్ పామ్, పూలకుండీలో అరెకా పామ్, హోటళ్ల ముందు వరసగా నిలబడే రాయల్ పామ్. ఇవన్నీ ఒకే కుటుంబం. ప్రపంచం మొత్తం మీద దాదాపు 2,600 జాతులున్నాయి. చూడ్డానికి చెట్లే గానీ వీటి చుట్టరికం మామిడితోనో చింతతోనో కాదు, వరితో, జొన్నతో, అరటితో. మామిడి మానును అడ్డంగా కోస్తే బెరడు కింద పచ్చని పలచని పొర ఒకటి కనిపిస్తుంది. మాను ఏటేటా లావెక్కేదీ, తగిలిన దెబ్బ పూడేదీ, నరికిన చోట కొత్త కొమ్మ పుట్టేదీ ఆ పొర చలవే. కొబ్బరి మానులో ఆ పొర లేదు. దాని ఎదుగుదలంతా తల నడిమధ్యన, మట్టలన్నీ కలిసే చోట, ఎవరికీ కనిపించకుండా దాక్కున్న ఒక మెత్తటి తెల్లని ముద్దలో ఉంటుంది. అదే మొవ్వు. కొత్త మట్టలన్నీ అక్కడినుంచే, పూల పొత్తులన్నీ అక్కడినుంచే.

తుపానుకో గొడ్డలికో చెట్టు కూలిపోయినప్పుడు మా వైపు మొవ్వు తీసి తింటారు. తెల్లగా, కరకరలాడుతూ, తియ్యగా ఉంటుంది. చిన్నప్పుడు ఇష్టంగా తిన్నాను. ఒక చెట్టంతటి చెట్టుకు ప్రాణం ఆ పిడికెడు ముద్దేనని తెలిశాక మళ్లీ నోట పెట్టలేదు.

మాను మీద రాసున్న లెక్క

మీ ఇంటి కొబ్బరి చెట్టు మానును ఒకసారి తడిమి చూడండి. అడ్డంగా మచ్చలుంటాయి. ఒక్కో మచ్చ ఒక్కో మట్ట రాలిన గుర్తు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఇంచుమించు నెలకో మట్ట వేస్తుంది కాబట్టి పన్నెండు మచ్చలు దాదాపు ఒక ఏడాది. మచ్చల మధ్య ఎడం బాగా ఉన్నచోట చెట్టు నీడలో ఉండో, కడుపునిండా తినో గబగబా సాగింది. ఎడం తగ్గినచోట కష్టపడింది. మాను ఎక్కడైనా ఉన్నట్టుండి సన్నబడితే, మొవ్వు ఆ ఎత్తున ఉన్న రోజుల్లో నీరో తిండో అందలేదన్నమాట. పైన తర్వాత ఎంత లావెక్కినా ఆ సన్నని నడుం అలాగే ఉండిపోతుంది. లావెక్కించే పొర లేదు కదా.

మొక్క నాటిన తొలి నాలుగేళ్ల సంరక్షణ గురించి పెద్దలు అంతగా పట్టుబట్టేదీ ఇందుకే. ఆ నాలుగేళ్లూ చెట్టు పైకి పోదు. నేలలోనే ఉండి, ముందు మొదలును తనకు కావలసినంత వెడల్పు చేసుకుంటుంది. ఆ తర్వాతే మాను లేస్తుంది. “నాటి మూడేళ్లయింది, ఎదగడం లేదు” అని విసుగుపడి నీళ్లు మానేసే వాళ్లను చాలామందిని చూశాను. సరిగ్గా అప్పుడే అది తన జీవితానికంతటికీ పునాది పోసుకుంటోంది.

ఇంకో లెక్క ఉంది. ఇది తెలిశాక కొబ్బరి చెట్టుపై నాకు గౌరవం రెట్టింపైంది. ప్రతి మట్ట సందులోనూ ఒక పొత్తి పుడుతుంది. ఇవాళ విచ్చుకున్న పొత్తి మొవ్వులో నలుసంతగా రూపు కట్టుకోవడం మొదలై 32 నెలలు గడిచాయి. విచ్చుకున్నాక కాయ ముదరడానికి మరో పదకొండు పన్నెండు నెలలు. అంటే దేవుడికి కొట్టిన కొబ్బరికాయ కథ మూడేళ్ల ఎనిమిది నెలల కిందట మొదలైంది. రెండేళ్ల కిందటి ఎండాకాలంలో మీరు ఊరెళ్లి నీళ్లు పెట్టకపోతే ఇవాళ గెలలు చిన్నవవుతాయి, పిందె రాలుతుంది. మనం మాత్రం మొన్న వేసిన ఎరువును తిట్టుకుంటాం, లేదంటే దిష్టి తగిలిందంటాం. ఇవాళ పోసిన నీటికి ఫలితం వెంటనే అడక్కూడదు. కోనసీమలోనూ ఉద్దానంలోనూ కొబ్బరి చెట్టును పెద్దకొడుకు అనేది ఊరికే కాదు. కొడుకు చదువుకు పెట్టిన ఖర్చూ మరునాడే చేతికి రాదు.

చోటు, మొక్క, గొయ్యి

నగరంలో కొబ్బరి చెట్ల చావులకు సగం కారణం నాటిన రోజే పడుతుంది. అరచేతి వెడల్పు మొక్కను ప్రహరీ పక్కన, సరిగ్గా తీగల కింద పెడతారు. పెద్ద చెట్టు మట్ట ఒక్కొక్కటి ఐదారు మీటర్ల పొడవుంటుంది. అందుకని గోడకు పదడుగులు, పైన తీగ ఉంటే దానికి ఇరవై అడుగుల పక్కగా చోటు చూసుకోండి. రెండు చెట్ల మధ్య కనీసం ఇరవై అయిదు అడుగులు కావాలి. అంత చోటు లేకపోతే కొబ్బరి వద్దు. పోక చెట్టు పెట్టుకోండి. సన్నగా నిటారుగా పోతుంది, కొద్ది జాగాలో సర్దుకుంటుంది.

కొబ్బరి వేళ్లు పునాదులు పగలగొడతాయన్న భయం చాలామందిలో ఉంది. రావి వేరు, మర్రి వేరు గోడను చీలుస్తాయి, నిజమే. కొబ్బరికి తల్లివేరు లేదు. మొదలు చుట్టూ వేల కొద్దీ వేళ్లు, ఇంచుమించు చిటికెన వేలు లావున పుడతాయి, ఎన్నేళ్లయినా అంతే ఉంటాయి. మానులాగే వేరూ లావెక్కదు. చాలావరకు చెట్టుకు రెండు మీటర్ల లోపే తిరుగుతాయి. భయపడాల్సింది వేళ్ల గురించి కాదు, పైనుంచి పడే కాయ గురించి. నడవ మీదికి, కారు నిలిపే చోటికి కాయ రాలకుండా చూసుకోండి.

ఏ రకం? పచ్చళ్లకు, కూరలకు, దేవుడికి కాయ కావాలంటే మన పాత దేశవాళీ పొడుగు రకమే మేలు. శాస్త్రవేత్తలు ఈస్ట్ కోస్ట్ టాల్ అంటారు. ఆరేడేళ్లకు కాపుకొస్తుంది, మూడు తరాలు చూస్తుంది. బొండాల కోసమైతే గోదావరి జిల్లాల గంగబొండం, దానినుంచి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఎంపిక చేసిన గౌతమి గంగ ఉన్నాయి. పొట్టి రకాలు మూడు నాలుగేళ్లకే గెల వేస్తాయి, నిచ్చెన అక్కర్లేకుండా కోసుకోవచ్చు. కానీ నీటి ఎద్దడిని తట్టుకోలేవు, పురుగుకూ తొందరగా లొంగుతాయి. ఈ రెండింటి గుణాలూ కలిసిన సంకరం గోదావరి గంగ. నగరంలో ఒక్క చెట్టుకే చోటున్నవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇదే. నాలుగో వీధి ఆవిడ మాత్రం గంగబొండమే కావాలని తెప్పించుకుంది. ఈసారి ఇంటి వెనక, తీగలకు దూరంగా పెట్టింది.

మొక్క ఎంచుకునేటప్పుడు ఎత్తు చూసి మోసపోవద్దు. మొదలు చూడండి. తొమ్మిది నెలల నుంచి ఏడాది వయసు, ఆరు ఆకులకు తగ్గకుండా, మొదలు చుట్టుకొలత పది సెంటీమీటర్లు. ఆకులు తొందరగా ఈనెలుగా చీలడం మొదలుపెట్టిన మొక్క చురుకైన మొక్క. గొయ్యి అన్నివైపులా మీటరు. ఇసుక నేలైతే అడుగున కొబ్బరి డొక్కలు రెండు వరసలు, పీచు వైపు పైకి ఉండేలా పరవండి, అవి నీటిని పట్టి ఉంచుతాయి. నల్లరేగడైతే నీరు నిలవకుండా పక్కకు దారి తీయండి. మన తాతలు గోతిలో గుప్పెడు ఉప్పు వేసేవాళ్లు. అది ఉత్త నమ్మకం కాదు. ఉప్పులోని క్లోరిన్ కొబ్బరికి నిజంగా ఆహారమే. సముద్రగాలి తగలని తెలంగాణ చల్కా నేలల్లో ఆ గుప్పెడు ఉప్పుకు మరింత విలువ. కాయ పైభాగం మట్టితో సమంగా ఉండాలి, మొక్క మెడ పూడకూడదు. మెడ దగ్గర తడి నిలిస్తే లోపలి మొవ్వు కుళ్లుతుంది. అప్పుడా మొక్క చనిపోయిందని మనకు తెలిసేది నెల తర్వాత.

ఇక తిండి. కాసరగోడులోని కేంద్రీయ తోటపంటల పరిశోధనా సంస్థ పెద్ద చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1,200 గ్రాముల పొటాష్ చెబుతుంది. మన దుకాణం లెక్కలో సుమారు కిలో యూరియా, రెండు కిలోల సూపర్ ఫాస్ఫేట్, రెండు కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. తొలకరికి ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి వేయాలి. మొదటి ఏడు ఇందులో పదోవంతు, రెండో ఏడు మూడోవంతు, మూడో ఏడు మూడింట రెండొంతులు, నాలుగో ఏటి నుంచి పూర్తిగా. దీనికి తోడు ఏటా రెండు మూడు తట్టల చివికిన పశువుల ఎరువు. పొటాష్ అంత ఎక్కువేమిటని ఆశ్చర్యపోకండి. కాయల్లోకీ, నీళ్లలోకీ, పీచులోకీ పోయేది ఎక్కువగా అదే. ఎరువును మొదలుకు ఆనించి పోస్తే దండగ. చెట్టుకు మూడడుగుల ఎడం నుంచి ఆరడుగుల దాకా వలయంగా చల్లి, మట్టి కలిపి, నీళ్లు పెట్టాలి. వేసవిలో కాపు చెట్టుకు రోజుకు నలభై యాభై లీటర్ల నీరు కావాలి. అంట్లు తోమిన నీరు, బట్టలు ఉతికిన చివరి జాలాడింపు నీరు మళ్లిస్తే సగం పని తీరిపోతుంది.

పచ్చి మట్ట ముట్టుకోవద్దు

మనవాళ్లకు ఒక అలవాటుంది. పండగొచ్చిందంటే చెట్టుకు క్షవరం చేయిస్తారు. కింద వాలిన మట్టలన్నీ, పచ్చగా ఉన్నా సరే, కొట్టించి నడి నెత్తిన నాలుగంటే నాలుగు కుచ్చుల్లా మిగులుస్తారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుందట. చెట్టుకు మాత్రం అది పస్తు. పెద్ద చెట్టు తల మీద ముప్ఫై నుంచి ముప్ఫయ్యారు మట్టలుండాలి. ఒక్కో మట్ట సందులో ఒక్కో గెల. ఆ మట్టే దాని గెలకు అన్నం పెట్టే చెయ్యి, కింద ఆన్చి మోసే ఒడి కూడా.

కింది మట్టలు చివరల నుంచి నారింజ రంగులో పసుపెక్కుతున్నాయంటే పొటాష్ చాలడం లేదని అర్థం. చెట్టు ఆ ముసలి మట్టల్లోంచి పొటాష్‌ను లాగి కొత్త మట్టలకు ఇచ్చుకుంటోంది. అందవికారంగా ఉందని వాటిని కొట్టేస్తే లోటు పైమట్టకు, ఆ పైమట్టకు పాకుతుంది. పూర్తిగా ఎండి, తనంతట తాను వాలిన మట్టనే తీయించండి. జబ్బు ముందు కింది మట్టల్లో కనిపిస్తే పొటాష్, మెగ్నీషియం వైపు చూడండి. కొత్తగా వచ్చే మట్టలే చిన్నవై, ముడుచుకొని, ఈనెలు చివర కొక్కెంలా వంగి ఉంటే బోరాన్ లోపం. చెట్టుకు యాభై గ్రాముల బోరాక్సు ఏటా రెండుసార్లు. హైదరాబాదులాంటి చోట్ల బోరు నీటిలో ఉప్పు, సున్నం ఎక్కువ. అక్కడ రాయల్ పామ్ కొత్త ఆకులు కాలినట్టు, గిడసబారి వస్తుంటే మాంగనీసు అందడం లేదేమో చూసుకోండి.

మేకుల సంగతి చెప్పకుండా ఉండలేను. పెళ్లికి లైట్ల దండలు కట్టడానికి, ఇల్లు అద్దెకిస్తామన్న బోర్డు తగిలించడానికి, బట్టల తీగకు మేకులు కొడతారు. మామిడికి కొట్టిన మేకును నాలుగేళ్లలో మానే మింగేస్తుంది. కొబ్బరి మానుకు కొట్టిన మేకు రంధ్రం చెట్టు ఉన్నన్నాళ్లూ అలాగే ఉంటుంది. ఎక్కడానికి వీలుగా కత్తితో మెట్లు నరకడం అంతకంటే ఘోరం. ఆ గాట్లలోంచే ఎర్రని జిగురు కారే తెగులు వస్తుంది, పురుగూ దూరుతుంది. ఎక్కేవాళ్లకు తాడు బందం ఉంది, ఇప్పుడు తొక్కుకుంటూ ఎక్కే ఇనప యంత్రాలూ దొరుకుతున్నాయి. మానును కొయ్యకుండా ఎక్కే మనిషికి పది రూపాయలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

వాసన పట్టే ముక్కు

మొవ్వుకు మూడు గండాలు. మొదటిది కొమ్ము పురుగు. రాత్రిపూట ఎగిరొచ్చి, విచ్చుకోని మొవ్వాకును తొలిచి రసం పీలుస్తుంది. ఆ ఆకు విచ్చుకున్నాక విసనకర్రను కత్తెరతో కోసినట్టు త్రికోణాలుగా తెగి ఉంటుంది. పురుగు ఉన్న రంధ్రం దగ్గర నమిలి ఉమ్మిన పీచు కనిపిస్తుంది. ఇనప కొక్కెంతో లాగేయాలి. ఆపైన మొవ్వు చుట్టూ ఉన్న మూడు మట్టల సందుల్లో వేపపిండి, ఇసుక సమంగా కలిపి నింపాలి. లేదా నాఫ్తలీన్ గోళీలు మూడు నాలుగు వేసి పైన ఇసుక కప్పాలి, నెలన్నరకోసారి మార్చాలి. తీరప్రాంతంలో కొందరు పాత చేపల వల ముక్కను సందుల్లో చుడతారు. పురుగు కాళ్లు చిక్కుకొని ఆగిపోతుంది. ఈ పురుగు పిల్లలు పెట్టేది మీ చెట్టు మీద కాదు, పెంటకుప్పలో. కుప్పను నెలల తరబడి కదపకుండా ఉంచితే పక్కింటి చెట్టును కూడా మీరే చంపినవాళ్లవుతారు.

రెండోది ఎర్ర ముక్కు పురుగు. కొమ్ము పురుగు చేసిన గాయమైనా, మన కత్తి చేసిన గాయమైనా సరే, ఆ వాసన పట్టుకొని వచ్చి గుడ్లు పెడుతుంది. పిల్లలు మాను లోపలే ఉండి తొలుచుకుంటూ పోతాయి. బయటికి చెట్టు నవ్వుతూనే ఉంటుంది. మానుకు చెవి ఆనిస్తే లోపల కరకరమని నమిలే చప్పుడు వినిపిస్తుంది. ఒకరోజు తల ఒరిగిపోతుంది. మన ప్రాంతపు ఈ పురుగే 1980ల నడుమ గల్ఫ్ దేశాల ఖర్జూర వనాలకు చేరింది, 1990లలో స్పెయిన్ చేరింది. మధ్యధరా తీరాల్లో వీధులకు అందమిచ్చిన పామ్‌లు ఎన్నో దానికి బలయ్యాయి. మొక్కలతోపాటే ప్రయాణం చేసింది. తప్పనిసరై పచ్చి మట్ట కొట్టాల్సి వస్తే మానుకు ఆనించి కాకుండా నాలుగడుగుల కాడ వదిలి కొట్టాలి. ఆ కాడ పొడవునా తొలుచుకొని వచ్చేసరికే పురుగు తిప్పలు పడుతుంది.

మూడోది మొవ్వు కుళ్లు. దీనికి గోదావరితో నూరేళ్లకు పైబడిన అనుబంధం ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గోదావరి డెల్టాలో తాడిచెట్లు, వాటి వెనుక కొబ్బరి చెట్లు వరసగా తలలు కుళ్లి చనిపోసాగాయి. ప్రభుత్వ శిలీంధ్ర శాస్త్రవేత్తగా ఉన్న ఎడ్విన్ జాన్ బట్లర్ ఆ తెగులును పరిశోధించి, దానికి మూలమైన సూక్ష్మజీవికి 1907లో పిథియం పామివోరమ్ అని పేరు పెట్టారు. పామ్‌లను తినేది అని ఆ పేరుకర్థం. 1919లో ఫైటోఫ్తొరా పామివోరా అని మార్చారు. తెగులు సోకిన చెట్ల తలలు నరికించి తగలబెట్టించడమే అప్పటి ప్రభుత్వానికి దొరికిన దారి. ప్రపంచంలో కోకో పండించే దేశాలన్నీ ఇవాళ భయపడే నల్లకాయ తెగులుకు ఒక ముఖ్య కారణం ఈ జీవే. మన తాడిచెట్టు మొవ్వులో మొదట గుర్తించిన జీవి అది. కోనసీమ కొబ్బరి తోటల్లో అంతరపంటగా కోకో వేసినవాళ్లు రెండు పంటల్నీ ఒకే కన్నుతో కనిపెట్టుకోవాల్సింది అందుకే.

వానాకాలంలో నడిమి మొవ్వాకు వాడి, పసుపెక్కి, లాగితే చేతిలోకి ఊడొచ్చి, కుళ్లు కంపు కొడితే అదే మొవ్వు కుళ్లు. పక్క మట్టలు పచ్చగానే ఉంటాయి కాబట్టి అందరూ ఏమారతారు. మొదట్లోనే పట్టుకుంటే కుళ్లిన భాగాన్ని శుభ్రంగా చెక్కి, బోర్డో పేస్టు పూసి, వాన నీరు పడకుండా కప్పి కాపాడవచ్చు. చుట్టుపక్కల చెట్లకు ఒక శాతం బోర్డో మిశ్రమం మొవ్వులో పడేలా కొట్టాలి. ఆలస్యమైతే చెట్టు దక్కదు.

తెల్లదోమ సంగతి వేరు. అది మొవ్వు జోలికి పోదు. 2016లో తమిళనాడు పొల్లాచ్చి వైపు మొదట కనిపించి, త్వరలోనే గోదావరి జిల్లాలకు వచ్చింది. ఆకు అడుగున తెల్లని చుట్టలు చుట్టలుగా మైనం, ఆకు మీద నల్లని మసి. చూసి కంగారుపడి పెద్ద మందులు కొట్టిన తోటల్లో అది మరింత పెరిగింది. ఎందుకంటే ఆ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి చంపే చిన్న కందిరీగ ఎన్‌కార్సియా కూడా మందుకు చచ్చిపోయింది. ఇంటి చెట్టుకైతే పైపుతో ఆకు అడుగున గట్టిగా నీళ్లు కొట్టడం, వేపనూనె, ఓపిక. అంతకుమించి చేయొద్దు.

కడియం నుంచి వచ్చిన అతిథులు

ఇవాళ తెలుగువాళ్ల ఇళ్లలో కొబ్బరి కంటే ఎక్కువగా కనిపించేవి కడియం, కడియపులంక నర్సరీల నుంచి లారీల్లో వచ్చిన అలంకార పామ్‌లే. గుంపుగా పెరిగే అరెకా పామ్ మడగాస్కర్‌ది. దానికి ఒక్కో కాడకు ఒక్కో మొవ్వు, అందుకే ఒక కాడ పోయినా గుబురు బతుకుతుంది. పొట్ట ఉబ్బిన బాటిల్ పామ్ మారిషస్ దగ్గర రౌండ్ ఐలాండ్‌ది. అడవిలో ఒక దశలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి, మన కాలనీల్లో వేలున్నాయి. కుచ్చుతోకలాంటి ఫాక్స్‌టెయిల్ ఆస్ట్రేలియా ఉత్తరపు కొసది. 1983లో గానీ శాస్త్రం దానికి పేరు పెట్టలేదు. ఆ చోటి విషయాలు తెలిసిన చివరి ఆదివాసీ పెద్ద వొడ్యెటి పేరు దానికి దక్కింది.

వీటిని పెద్దవిగా తెచ్చి నాటడం కుదురుతుంది, మొదలు నుంచి కొత్త వేళ్లు పుడతాయి కాబట్టి. కానీ నర్సరీలో ఉన్న లోతు కంటే ఒక్క జానెడు కూడా ఎక్కువ పూడ్చవద్దు. ఊగకుండా ఊతకర్రలు కట్టాలి తప్ప మానుకు మేకు కొట్టి ఆనించకూడదు. కుండీలో అరెకా చచ్చేది ఎక్కువగా ప్రేమ వల్లే. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి. కొసలు మాడుతుంటే కుళాయి నీటిలో ఉప్పు పేరుకుందని అర్థం. నెలకోసారి కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా నీళ్లు పోసి కడిగేయండి. ఇంట్లో నాలుగు అరెకాలు పెడితే గాలి శుభ్రపడుతుందన్న ప్రచారాన్ని మాత్రం నమ్మకండి. 2019లో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్కగట్టిన సమీక్షలో, కిటికీ తెరిచినంత లాభం రావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. మొక్క అందానికి ఉంచుకోండి, గాలికి కిటికీ తెరవండి.

చేపతోకలాంటి ఆకుల జీలుగు మన తూర్పు కనుమలదే, ఏజెన్సీలో జీలుగు కల్లు తెలియనివాళ్లుండరు. ఇంటి ముందు పెట్టుకున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పూత మొదట తల దగ్గర వేలాడుతుంది, తర్వాతి గెల దాని కింద, ఆ తర్వాతది ఇంకా కింద. అలా కొన్నేళ్లపాటు దిగివచ్చి, అడుగు గెల పండాక చెట్టు చనిపోతుంది. తెగులు కాదు, దాని ఆయుష్షు అంతే. పండు తాకితే దురద. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దనే అంటాను. ఇంకో మాట. నర్సరీలో సాగో పామ్ అని అమ్మే సైకస్ అసలు పామే కాదు, గింజ తింటే పెంపుడు కుక్కలకు ప్రాణాంతకం.

తాటి మాట ఎత్తకపోతే తెలుగు పామ్‌ల కథ సగమే. తాటిని కుండీలో పెంచి తర్వాత నాటుదామనుకునేవాళ్లు విఫలమవుతారు. తాటి టెంక మొలిచేటప్పుడు మొలకను పైకి కాదు, నేలలోకి మూరెడు లోతుకు దింపుతుంది. చలికాలంలో మనం తంపటేసి తినే తేగ అదే. మొవ్వు భూమి అడుగునే పుడుతుంది కాబట్టి పెకలిస్తే బతకదు. పండు పడిన చోటనో, టెంక పాతిన చోటనో పెరగాల్సిందే. పోతుతాడో పెంటితాడో పూసేదాకా చెప్పలేం, పూయడానికి పన్నెండు పదిహేనేళ్లు. గట్టు మీద టెంకలు పాతిన తాత ముంజెలు తనకోసం పాతలేదు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపాను, 2018 అక్టోబరు 11న ఉద్దానం మీద తిత్లీ. ఆ రెండుసార్లూ కూలిన కొబ్బరి చెట్ల వరసలు చూసినవాళ్లకు ఈ చెట్టు గురించి వేరే చెప్పక్కర్లేదు. ఈసారి తుపాను వెళ్లాక ఒరిగిన చెట్టుకు వెంటనే రంపం పెట్టకండి. మొవ్వు విరగలేదంటే, వేళ్లలో సగం నేలలోనే ఉన్నాయంటే, చిన్న చెట్టును నిలబెట్టి మట్టి ఎగదోసి మూడువైపులా తాళ్లు కట్టవచ్చు. పెద్దది ఒరిగే ఉన్నా తల మాత్రం మళ్లీ ఆకాశం వైపే తిప్పుకుంటుంది. మట్టలన్నీ విరిగిపోయినా మొవ్వాకు కొత్తది పొడుచుకొస్తుందేమో ఆరు నెలలు చూడండి.

ఇంట్లో కొబ్బరి చెట్టున్నవాళ్లు ఈ ఆదివారం ఒకసారి దాని మొదలు దగ్గరకు వెళ్లండి. మాను అంచుదాకా సిమెంటు పోసి ఉంటే చుట్టూ మూడడుగుల మేర పగలగొట్టించి, మట్టి కనపడేలా చేయండి. కత్తి పట్టుకొని వచ్చిన మనిషి నిచ్చెన ఎక్కకముందే చెప్పండి, ఎండిన మట్టలే తీయాలని, మొవ్వు ముట్టుకోవద్దని. తీగలకు తగులుతోందంటే మట్ట ఒక్కటి తీయించుకోండి, తల తీయనివ్వకండి.